టెనెసీ గుర్రం నడక మీద తెగని తగువు

టెనెసీ వాకింగ్ హార్స్ నడక మీద అమెరికాలో చట్టం వచ్చి 50 ఏళ్లు దాటింది. తగువు మాత్రం ఇంకా తెగలేదు.

ఈ జాతి పుట్టిల్లు మధ్య టెనెసీ. అక్కడి పెద్ద పెద్ద తోటల యజమానులకు రోజంతా జీను మీద కూర్చుని పొలాలు చూసుకోవడమే పని. గుర్రం ట్రాట్ (ఎదురు మూలల కాళ్లు జంటగా వేసే కుదుపు నడక) వేస్తే ఎక్కినవాళ్ల నడుము పోతుంది. అందుకే కుదుపు లేకుండా నడిచే పేసర్ (ఒకే పక్క కాళ్లు రెండూ కలిపి వేసే, అంటే ‘పేస్’ నడక నడిచే) జాతులకు మోర్గాన్, స్టాండర్డ్‌బ్రెడ్, థరోబ్రెడ్ లాంటివి కలిపి తమకు కావలసిన గుర్రాన్ని తయారు చేసుకున్నారు. దీని ‘రన్నింగ్ వాక్’లో కాళ్లు ఒక్కొక్కటిగా నేలను తాకుతాయి. వెనక డెక్క ముందు డెక్క జాడను దాటి పడుతుంది, అడుగడుక్కీ తల ఊగుతుంది. వేగం పెరిగినా ఇది నడకే, పరుగు కాదు. ఎవరూ నేర్పక్కర్లేదు, పిల్లకు పుట్టుకతోనే వస్తుంది.

జాతికి మూలపురుషుడిగా లెక్కించే బ్లాక్ అలన్ 1886లో పుట్టింది. ట్రాటింగ్ పందేలకని పెంచితే పేస్ నడక నడిచి యజమానులను నిరాశపరిచింది. పందేనికి పనికిరాదన్న గుర్రమే ఒక జాతికి మూలమైంది! 1935లో లూయిస్‌బర్గ్‌లో పెంపకందారుల సంఘం ఏర్పడింది. 1939లో షెల్బీవిల్‌లో ‘సెలబ్రేషన్’ అనే పెద్ద ప్రదర్శన మొదలైంది.

అసలు చిక్కు ప్రదర్శనలతోనే వచ్చింది. ముందు కాళ్లు ఎంత ఎత్తుకు లేస్తే అంత మెప్పు. ‘బిగ్ లిక్’ అనే ఆ నడకకు బహుమతులు రావడంతో, 1950ల నుంచి కొందరు ట్రైనర్లు అడ్డదారి పట్టారు. గుర్రం కాళ్లకు ఆవనూనె, కిరోసిన్ లాంటివి రాసి చర్మం మండేలా చేయడం, దాని మీద గొలుసులు తగిలించడం, డెక్కల కింద ఎత్తైన ప్యాడ్లు బిగించడం. నొప్పికి గుర్రం కాలు నేల మీద ఆనించలేక ఎగరేస్తుంది. దీన్నే ‘సోరింగ్’ అంటారు. హాయిగా కూర్చోవడానికి పెంచిన గుర్రానికి ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

దీన్ని ఆపడానికే సెనేటర్ జోసెఫ్ టైడింగ్స్ చొరవతో 1970లో గుర్రాల రక్షణ చట్టం వచ్చింది. 1976 సవరణతో తనిఖీలు చాలావరకు ఈ రంగం వాళ్లే నియమించుకునే ఇన్‌స్పెక్టర్ల చేతికి పోయాయి. చట్టం నీరుగారింది అక్కడేనని నా అభిప్రాయం. 2010లో, ఈ చట్టాన్ని అమలు చేసే వ్యవసాయ శాఖ సొంత ఆడిటే ఈ పద్ధతి పనిచేయడం లేదని తేల్చింది. అంతకుముందు 2006లో, తనిఖీల్లో గుర్రాలు అనర్హమవడంతో సెలబ్రేషన్‌లో గ్రాండ్ చాంపియన్‌నే ప్రకటించలేదు.

ప్యాడ్లు, గొలుసులు నిషేధించే బిల్లును ప్రతినిధుల సభ 2019లో, మళ్లీ 2022లో ఆమోదించినా సెనేట్ దాటలేదు. 2024లో వ్యవసాయ శాఖ తనే కొత్త నిబంధనలు తెచ్చింది. అవి పూర్తిగా అమల్లోకి రాకముందే, 2025 జనవరిలో టెక్సస్ ఫెడరల్ కోర్టు వాటిలో కీలకమైనవి కొట్టేసింది.

సోరింగ్‌తో సంబంధం లేకుండా ట్రైల్ రైడింగ్‌కు (అడవి, కొండ దారుల్లో సరదా స్వారీకి) ఈ గుర్రాలను పెంచేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల గుర్రాలకు మామూలు లాడాలే ఉంటాయి, లేదంటే అవీ ఉండవు.