డ్రైవర్ 3కి పడ్డ మార్కులు: ఒక వివాదం వెనుక కథ

2005లో 'డ్రైవర్ 3' అనే వీడియో గేమ్ కంప్యూటర్లకు వచ్చిన తరువాత, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ఒక ఇంటర్నెట్ సెంటర్లో మా స్నేహితులం దాన్ని ఆడడానికి కూర్చున్నాం. పోలీసులు వెంటపడుతుంటే కారు సందుల్లో దూసుకుపోయినంతసేపు వెనుక నిలబడ్డవాళ్లు సైతం కేకలు పెట్టారు. ముఠాలో మారువేషంతో చేరిన పోలీసు టానర్ కారు దిగి నాలుగడుగులు వేసేసరికి ఆట తేలిపోయింది. మనిషి కొయ్యబొమ్మలా కదిలాడు, తుపాకీ గురి ఒకచోట నిలవలేదు. అరగంట గడవకముందే మావాడు పక్క కంప్యూటర్లోని 'వైస్ సిటీ' అనే మరో ఆటకు మారిపోయాడు. గంట లెక్కన డబ్బు కట్టే పిల్లల ఆ తీర్పుకూ, అంతకు ముందు ఏడాది అదే ఆటకు బ్రిటన్‌లో రెండు పత్రికలు ఇచ్చిన తీర్పుకూ పొంతన లేదు.

న్యూకాజిల్‌లోని రిఫ్లెక్షన్స్ సంస్థ 1999లో తెచ్చిన మొదటి 'డ్రైవర్'లో ఆటగాడు కారు దిగే పనే లేదు, అందుకే దాని బలమంతా చక్రాల మీద నిలిచింది. 2000లో వచ్చిన రెండో భాగం షికాగో, హవానా, లాస్ వేగాస్, రియో వీధుల్లో టానర్‌ను కిందికి దింపి వేరే కారు ఎక్కనిచ్చింది. కానీ ఆ బరువును పాత ప్లేస్టేషన్ ఆటల యంత్రం మోయలేక బొమ్మ తడబడుతోందని సమీక్షకులు అప్పుడే రాశారు. 2001లో ఎడిన్‌బరో నుంచి పోటీ ఆట 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3', మరుసటి ఏడాది అదే వరుసలో 'వైస్ సిటీ' రావడంతో కొలబద్దే మారింది: కారుతో పాటు నడక, కాల్పులు, నగరంలో తిరిగే స్వేచ్ఛ కూడా లెక్కలోకి వచ్చాయి. పోటీ ఎంత ముదిరిందంటే, 'వైస్ సిటీ' నాయకుడు టామీ వెర్సెట్టికి ఈత రాదని గుర్తుచేస్తూ, చేతులకు గాలి పట్టీలు తొడుక్కున్న టిమ్మీ వెర్మిసెల్లి అనే పాత్రను 'డ్రైవర్ 3'లో అక్కడక్కడా దాచిపెట్టారు.

మయామి, నీస్, ఇస్తాంబుల్ నగరాలతో, మైకేల్ మాడ్సెన్, మికీ రూర్క్ వంటి నటుల గొంతులతో అటారీ సంస్థ 2004 జూన్‌లో దాన్ని విడుదల చేసింది. ఛేజింగులను, వాటిని సినిమాలా కత్తిరించి చూసుకునే వీలును మెచ్చినవారు కూడా లోపాలను, కాలినడక భాగాన్ని తప్పుపట్టారు. సమీక్షల సగటు వందకు అరవై లోపే నిలిచింది. అయితే బ్రిటన్‌లో ఒకే ప్రచురణ సంస్థకు చెందిన 'ఎక్స్‌బాక్స్ వరల్డ్', 'పీఎస్ఎం2' పత్రికలు అందరికన్నా ముందుగా సమీక్ష వేసి పదికి తొమ్మిది ఇచ్చాయి. ముందస్తు సమీక్ష అవకాశం కోసం మార్కులు పెంచారన్న ఆరోపణ అలా పుట్టింది. అది రుజువు కాలేదు. ఏమైనా, మార్కు పడవలసింది విడుదలకు ముందు పత్రికకు అందిన కాపీకి కాదు, దుకాణంలో కొనేవాడి చేతికి వచ్చే డిస్కుకే అని నేను గట్టిగా నమ్ముతాను. పత్రికలోని ఆ ఒక్క అంకెను చూసి కూడబెట్టిన డబ్బంతా పెట్టే పిల్లవాడికి దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు.

రిఫ్లెక్షన్స్ వ్యవస్థాపకుడు మార్టిన్ ఎడ్మండ్‌సన్ ఆ ఆట తరువాత బయటికి వెళ్లిపోయారు, 2006లో ఆ స్టూడియో, డ్రైవర్ పేరు రెండూ యూబీసాఫ్ట్ అనే గేమ్ సంస్థ చేతికి వెళ్లాయి. ఆయన తిరిగి వచ్చి పనిచేసిన 'డ్రైవర్: శాన్ ఫ్రాన్సిస్కో' 2011లో విడుదలై సమీక్షకుల మెప్పు పొందింది. ప్రమాదంలో కోమాలోకి వెళ్లిన టానర్ మనసు ఒక కారు నుంచి మరో కారులోకి దూకుతూ పోయే ఆ ఆటలో, ఆటగాడు కాలినడకన ఒక్క అడుగు వేయవలసిన అవసరం లేదు.