‘ది రైట్ ఆఫ్ స్ప్రింగ్’: అడుగులు చెరిగిపోయిన ఏడాది

1913 నాటి అసలు రూపమంటూ ‘ది రైట్ ఆఫ్ స్ప్రింగ్’ బ్యాలే వేదికెక్కిన ప్రతిసారీ, ఆ అడుగులు నిజంగా దాన్ని తొలిసారి కూర్చిన నర్తకుడు నిజిన్‌స్కీవేనా అన్న వివాదం మళ్లీ రాజుకుంటుంది. మే 29న తొలి ప్రదర్శనలో పారిస్ ప్రేక్షకులు చేసిన గొడవ అందరూ ఎరిగినదే. కానీ ఈ వివాదానికి మూలం ఆ రాత్రిలో లేదు, అదే ఏడాది సెప్టెంబరులో ఉంది.

దాన్ని ప్రదర్శించిన నృత్య బృందం బ్యాలే రూస్ అధిపతి సెర్గీ డయాగిలెవ్ సముద్రయానానికి భయపడి, బృందంతో పాటు దక్షిణ అమెరికా యాత్రకు వెళ్లలేదు. సెప్టెంబరు 10న బ్యూనోస్ ఎయిరిస్‌లో నిజిన్‌స్కీ పెళ్లి చేసుకున్నాడు. అతనికి పోషకుడూ ప్రియుడూ అయిన డయాగిలెవ్, ఏడాది ముగిసేలోగా అతణ్ని తొలగించాడు. ఒక ప్రదర్శనకు నిరాకరించాడన్నది సంస్థ చెప్పిన కారణం. వందకు పైగా రిహార్సల్స్‌తో రూపుదిద్దుకున్న ఆ నృత్యం, పారిస్, లండన్‌లలో కలిపి పది ప్రదర్శనలైనా నిండకుండానే మూలనపడింది. 1920లో డయాగిలెవ్ దాన్ని తిరిగి తలపెట్టేనాటికి పాత అడుగులు గుర్తున్నవారు బృందంలో దాదాపు లేకపోవడంతో, లియోనిద్ మాసీన్ కొత్తగా కూర్చాడు.

స్ట్రావిన్‌స్కీ చేత సంగీతం రాయించి, రోరిక్, పికాసోల చేత రంగాలంకరణ చేయించి, సంగీతం, చిత్రకళ, నృత్యం సమాన హోదాతో నిలిచే వేదికగా బ్యాలేను మలిచినవాడు డయాగిలెవ్. 1929లో ఆయన వెనిస్‌లో మరణించాక, ఆయన దగ్గర పనిచేసిన బాలన్‌షీన్ న్యూయార్క్‌లో, నినెట్ డి వాల్వా లండన్‌లో, సెర్జ్ లిఫార్ పారిస్ ఒపెరాలో ఆ దృక్పథాన్నే నిలబెట్టారు. అయితే కొత్తదాని కోసం ఆయనకున్న తపనలో, చేసినదాన్ని భద్రపరచాలన్న శ్రద్ధకు చోటు తక్కువ. ఆ లోటు భారాన్ని నేటికీ మోస్తున్నవారు పునర్నిర్మాతలే.

1987లో అమెరికా నృత్య బృందం జాఫ్రీ బ్యాలే కోసం మిలిసెంట్ హాడ్సన్, కెనెత్ ఆర్చర్ ఏళ్ల తరబడి ఆధారాలు వెతికి ఆ నృత్యానికి తిరిగి రూపమిచ్చారు. ఖాళీలను ఊహతో పూరించారని విమర్శకులు అంటారు, అది కాదనలేనిదే. కానీ వారి చేతిలో వలెంటైన్ గ్రాస్ ప్రదర్శనలు చూసి గీసిన రేఖాచిత్రాలున్నాయి, రోరిక్ దుస్తులున్నాయి, మేరీ రాంబెర్ పియానో స్వరప్రతిపై రాసిపెట్టుకున్న గుర్తులున్నాయి. స్ట్రావిన్‌స్కీ లయను అందుకోలేక నర్తకులు తడబడుతుంటే, వారికి నేర్పడానికని రాంబెర్‌ను బృందంలోకి తీసుకున్నది డయాగిలెవే.