కదలని కండరం మళ్లీ కదులుతుందా?

ఎకో రిపోర్టులో ‘ఈఎఫ్ 30 శాతం’ అని కనపడగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. గుండెలోని ఎడమ జఠరికలో (రక్తాన్ని ఒంటికి పంపే గదిలో) నిండిన రక్తంలో ఒక్కో స్పందనకి బయటికి వెళ్లే వాటా అది. మామూలుగా 55 శాతం, ఆపైన ఉంటుంది. వెంటనే డాక్టరుగారిని అడిగేది ఒకటే: ‘స్టెంటో బైపాసో చేస్తే పంపింగ్ పెరుగుతుందా?’

కదలని కండరమంతా చచ్చిపోయినట్టు కాదు. రక్తం చాలినంత అందకపోతే కొన్ని కణాలు సంకోచించడం మానేసి, బతికుండడానికి కావలసినంత పనే చేసుకుంటాయి. ముంబైలో పుట్టి అమెరికాలో పనిచేసిన షాబుద్దీన్ రహీంతులా 1980లలో ఈ స్థితిని వివరించి, ‘హైబర్నేటింగ్ మయోకార్డియం’ (నిద్రాణంలో ఉన్న గుండె కండరం) అన్న పేరుని వైద్యుల్లో వ్యాప్తి చేశారు. రక్తం తిరిగి అందితే ఈ కండరం కోలుకోవచ్చు, దానికి నెలలు కూడా పట్టొచ్చు. మచ్చకట్టిన భాగం మాత్రం కోలుకోదు. చిక్కేమిటంటే, మామూలు ఎకోలో చాలాసార్లు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

తేడా పట్టడానికి కొందరు గుండె పనిని పెంచే డోబ్యుటమైన్ మందు ఎక్కిస్తూ ఎకో తీస్తారు, కొందరు కణాలు గ్లూకోజ్ తీసుకుంటున్నాయో లేదో పెట్ స్కాన్‌లో చూస్తారు. నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది ఎంఆర్‌ఐ పద్ధతి. బొమ్మలో తెల్లగా కనిపించే గాడోలినియం అనే మందుని నరంలోకి ఎక్కించి, సుమారు పది నిమిషాలు ఆగి బొమ్మ తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న కణాల్లోకి అది చొరబడదు, వాటి మధ్య సందుల్లోంచి త్వరగా వెళ్లిపోతుంది. మచ్చలో సందులు ఎక్కువ కాబట్టి అక్కడే తచ్చాడుతుంది. అందుకే బొమ్మలో మచ్చ తెల్లగా, బతికున్న కండరం నల్లగా పడతాయి.

2000లో షికాగోలో రేమండ్ కిమ్ బృందం 50 మందికి, గుండెకి రక్తం తిరిగి అందించే చికిత్సకి ముందు ఇలా బొమ్మలు తీసింది. సరిగ్గా కదలని భాగాల్లో తెలుపు అసలే లేనివి 329 ఉంటే, చికిత్స తర్వాత 256 మెరుగుపడ్డాయి. గోడ మందంలో ముప్పాతికకి పైగా తెల్లబడ్డ 58 భాగాల్లో మెరుగుపడింది ఒక్కటే! ఇంత తేటగా జోస్యం చెప్పే పరీక్ష వైద్యంలో అరుదు.

కానీ కండరం కోలుకోవడం వేరు, మనిషి ఆయుష్షు పెరగడం వేరు. 2022లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం రివైవ్డ్‌లో ఈఎఫ్ 35 శాతమో అంతకన్నా తక్కువో ఉండి, బతికున్న కండరం ఉందని తేలిన 700 మందిని తీసుకున్నారు. మందులతో పాటు స్టెంట్ వేసినవారిలో 37.2 శాతం మంది, మందులే వాడినవారిలో 38 శాతం మంది మరణించడమో గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరడమో జరిగింది. ఏడాది తర్వాత చూసినా ఇద్దరి ఈఎఫ్‌లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

బైపాస్ సంగతి ఇంకో రకం. బైపాస్‌ని మందులతో పోల్చిన స్టిచ్ అధ్యయనంలో, పదేళ్లకి మందులే వాడినవారికన్నా బైపాస్ చేయించుకున్నవారిలో మరణాలు తగ్గాయి. అయితే బతికున్న కండరం ఉన్నవారికే ఆ మేలు ఎక్కువని మాత్రం తేలలేదు. అందుకే ఇప్పుడు ఒక్క స్కాన్‌నే పట్టుకుని ఆపరేషన్ వద్దనడం సరికాదనిపిస్తుంది. గుండెపోటు వచ్చిన గంటల్లో వేసే స్టెంట్‌కి ఈ లెక్కలేవీ వర్తించవు. అక్కడ ఆలస్యమయ్యేకొద్దీ కండరం పోతూనే ఉంటుంది.