అష్టగ్రహ కూటమి: భయం వెనకటి చరిత్ర

1962 ఫిబ్రవరి 3 సాయంత్రం మొదలు 5 సాయంత్రం దాకా రవి, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, కేతువు మకర రాశిలో కలిసి ఉన్నారు. ఆ రెండు రోజుల్లో ప్రళయం తప్పదన్న ప్రచారం దేశమంతా పాకింది. ఊరూరా హోమాలు, శాంతులు జరిగాయి, ఎందరో ప్రయాణాలు మానుకున్నారు. ప్రధాని నెహ్రూ ఈ భయాలను కొట్టిపారేసినా అవి తగ్గలేదు. ప్రళయం రాలేదు, ఫిబ్రవరి 19 నుంచి 25 వరకు సాధారణ ఎన్నికలు అనుకున్న ప్రకారమే సాగాయి.

ఆ కూటమి నిజమేనని, పంచాంగకర్తల గణితంలో తప్పేమీ లేదని ముందుగా ఒప్పుకోవాలి. గురుడు, శని సుమారు 20 ఏళ్లకొకసారి కలుసుకుంటారు. 1961 ఫిబ్రవరిలో కలుసుకున్న ఆ ఇద్దరూ మరుసటి ఏడాది కూడా దగ్గరదగ్గరగానే ఉన్నారు. రవి ఏటా సంక్రాంతి నుంచి నెల రోజులు మకరంలోనే ఉంటాడు. బుధ శుక్రులు రవిని వదిలి ఎంతో దూరం పోలేరు, చంద్రుడు ప్రతి నెలా ఆ రాశిని దాటి వెళ్తాడు. కాబట్టి అరుదైన విషయమల్లా కుజుడు, కేతువు కూడా అదే సమయానికి అక్కడికి చేరడమే. కేతువు ఆకాశంలో కనిపించే గోళం కాదు, చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే బిందువు. అమావాస్యనాడు రవిచంద్రులు ఆ బిందువు దగ్గర ఉంటే సూర్యగ్రహణం పడుతుంది. ఫిబ్రవరి 5న బోర్నియో, న్యూగినీల మీదుగా సాగిన సంపూర్ణ సూర్యగ్రహణం అలా వచ్చిందే. గ్రహణం వేరే అపశకునమై కూటమికి తోడు రాలేదు. కేతువును లెక్కలో చేర్చినప్పుడే అదీ అందులో ఇమిడిపోయింది.

మరి భయం ఎక్కడి నుంచి వచ్చింది? క్రీ.పూ. 3102 ఫిబ్రవరిలో గ్రహాలన్నీ మేషాదిలో, అంటే మేష రాశి మొదట్లో, చేరినప్పుడు కలియుగం మొదలైందని మన ఖగోళ గణిత గ్రంథాలైన సిద్ధాంతాలు చెబుతాయి. గ్రహగతులను వెనక్కి లెక్కించి నిర్ణయించిన తేదీ అది. ఆనాడు గ్రహాలు నిజానికి అంత దగ్గరగా లేవని ఆధునిక గణనలో తేలింది. అయినా గ్రహాలన్నీ ఒకచోట చేరితే యుగం మారుతుందన్న భావన అక్కడ స్థిరపడింది. 6వ శతాబ్దిలో జ్యోతిష్కుడు వరాహమిహిరుడు బృహత్సంహితలో గ్రహయుద్ధాలకు, అంటే గ్రహాలు ఒకదానికొకటి అతి దగ్గరగా కనిపించడానికి, ఒక అధ్యాయమే కేటాయించి, వాటి ఫలితాలను రాజులకు, దేశాలకు అన్వయించాడు.

ఈ భయం మనకొక్కరికే పరిమితం కాదు. 1186 సెప్టెంబరులో తులా రాశిలో కూడే గ్రహాలు భయంకరమైన గాలివానలు తెస్తాయని ఐరోపాలో లేఖలు తిరిగాయి. 1524 ఫిబ్రవరిలో మీన రాశి కూటమి మహాజలప్రళయం తెస్తుందన్న మాటను, అప్పటికి కొత్తగా వచ్చిన అచ్చుయంత్రం ఇంటింటికీ చేర్చింది. ఆ వరదా రాలేదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇంకొకటి ఉంది. రాశులను నక్షత్రాల ఆధారంగా లెక్కించే నిరయన పద్ధతిలో మనం మకర కూటమి అన్నదాన్నే, విషువ బిందువు నుంచి లెక్కించే సాయన పద్ధతిలో పాశ్చాత్య జ్యోతిష్కులు కుంభ కూటమి అన్నారు, ఎందుకంటే ఈ రెండు రాశిచక్రాల మధ్య అప్పటికి 23 డిగ్రీలకు పైగా తేడా ఉంది. మన దగ్గర ప్రళయమని వణికిపోయిన రోజునే, లోకాన్ని మార్చగల శిశువు పుట్టిందని అమెరికాలో జీన్ డిక్సన్ అనే జ్యోతిష్కురాలు జోస్యం చెప్పింది. ఒకే ఆకాశం నుంచి ఇంత భిన్నమైన ఫలితాలు తీయగలిగినప్పుడు, ఆ ఫలితం గ్రహాల స్థానం నుంచి కాక చదివేవారి సంప్రదాయం నుంచి వస్తోందని అనుకోక తప్పదు.

పైగా భూమి మీద నుంచి చూస్తే ఒక దిక్కున కనిపించినంత మాత్రాన ఆ గోళాలు పక్కపక్కన చేరినట్టు కాదు. ఆనాడు గురుడు మనకు దాదాపు 90 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే, శని 160 కోట్లకు పైగా దూరంలో ఉన్నాడు. సముద్రాలకు ఆటుపోట్లు తెచ్చే ఆకర్షణలో, గ్రహాలన్నిటిలోకీ ఎక్కువ ప్రభావం చూపగల శుక్రుడి వాటా కూడా చంద్రుడి దానిలో పదివేలవ వంతుకు చేరదు. 1982 మార్చిలో గ్రహాల అమరిక కాలిఫోర్నియాలో భూకంపం తెస్తుందన్న వాదం నిలవకపోయింది ఇందుకే.

అయినా ఈ నమ్మకం ఓడిపోదు, ఎందుకంటే దానికి గడువు లేదు. 1962 అక్టోబరు 20న చైనా దాడి మొదలయ్యాక, ఎనిమిది నెలల కిందటి కూటమే కారణమన్న వ్యాఖ్యానం వచ్చింది. 2019 డిసెంబరు నాటి షష్ఠగ్రహ కూటమికి కరోనాను ముడిపెట్టారు. 2025 ఉగాదికి ముందురోజు, మార్చి 29న మీనంలో షష్ఠగ్రహ కూటమి ఏర్పడినప్పుడు మయన్మార్ భూకంపాన్ని దానికి సాక్ష్యంగా చూపారు. కానీ ఆ భూకంపం 28 మధ్యాహ్నమే వచ్చింది. అప్పటికి శని ఇంకా మీనంలో అడుగుపెట్టలేదు. అది వచ్చిన సగైంగ్ భ్రంశరేఖ (మయన్మార్‌లో భూమి పొరల్లోని పొడవాటి చీలిక) మీద కొంత భాగం చాలాకాలంగా కదలకుండా ఉందని, అక్కడ పెద్ద భూకంపానికి అవకాశం ఉందని శాస్త్రవేత్తలు అంతకు పదేళ్లకు ముందే హెచ్చరించి ఉన్నారు.