తెల్ల మచ్చలు రాలాయని మందు ఆపొద్దు

ఆదిలాబాద్, కిన్వట్ వైపు డిసెంబరులో ఇగం ముదిరిందంటే ఇళ్లలోని అక్వేరియం చేపలకు తెల్ల మచ్చల రోగం రావడం మామూలే. హీటర్ లేని చిన్న తొట్టెలో నీరు రాత్రికి రాత్రి చల్లబడుతుంది. పైగా పొద్దున్నే మిద్దె మీది ట్యాంకు నీళ్లు తెచ్చి పోస్తారు. ఆ దెబ్బకు చేప ఒంట్లో సత్తువ తగ్గుతుంది. అయితే చలి ఒక్కటే రోగం తేదు. ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ జీవి తొట్టెలోకి రావాలి, అది ఎక్కువగా కొత్త చేపతోనే వస్తుంది.

రెక్కల మీద, ఒంటి మీద రవ్వ చల్లినట్టు మచ్చలు కనిపిస్తాయి. చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది. రోగం మొప్పల్లోనే ఉంటే ఒక్క మచ్చా కనిపించదు, చేప పైకి తేలి ఎగశ్వాస తీస్తుంటుంది. మగ గోల్డ్ ఫిష్‌కు జత కట్టే కాలంలో మొప్ప మూతల మీద, ముందు రెక్కల అంచున వరుసగా తెల్లటి బొడిపెలు లేస్తాయి. అది రోగం కాదు, దానికి మందు పోయకండి.

మచ్చ చర్మం పైపొర కింద ఉంటుంది. లోపలి జీవిని ఉప్పూ మందూ ఏమీ చేయలేవు. బాగా తిని పెరిగాక అది రాలి, అడుగున గులకరాళ్ల మధ్య తిత్తి కట్టుకుంటుంది. ఒక్క తిత్తిలోంచి వందల పిల్లలు, ఒక్కోసారి వెయ్యి దాకా, ఈదుకుంటూ బయటికొస్తాయి. రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే చస్తాయి. మందు పనిచేసేది ఈ ఈదే పిల్లల మీదే. 25 డిగ్రీల్లో ఈ చక్రం వారంలోపు తిరుగుతుంది, 10 డిగ్రీల్లో నెల దాటుతుంది. మూడో రోజున ఒళ్లు శుభ్రంగా కనిపించిందని మందు ఆపేసినవాళ్ల తొట్టెలో వారం తిరక్కుండా రెట్టింపు మచ్చలు వచ్చేది అందుకే.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టె దాదాపు 56 లీటర్లు. రాళ్లు, పైన ఖాళీ తీసేస్తే నీళ్లు 45 లీటర్ల లెక్క. చక్రం త్వరగా తిరిగి పిల్లలు బయటికొచ్చేలా నీటిని హీటర్‌తో నాలుగైదు గంటలకు ఒక డిగ్రీ చొప్పున 30 డిగ్రీలకు తేవాలి. మన చలికి 50 వాట్లు చాలవు, 100 వాట్లది పెట్టండి. నీటిలో ఆక్సిజన్ 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పడితే, 30 దగ్గర ఏడున్నరే. కాబట్టి ఎయిర్ పంపు రాత్రీ పగలూ నడవాల్సిందే. గోల్డ్ ఫిష్‌కు 27 చాలు, చికిత్సే ఇంకొన్ని రోజులు సాగించాలి.

కల్లుప్పు లీటరుకు 2 గ్రాములు, అంటే 90 గ్రాములు. తొట్టె నీళ్లలోనే కరిగించి, పూటకు 30 గ్రాముల చొప్పున మూడు పూటల్లో పోయండి. అడుగున తిరిగే కోరిడోరస్, లోచ్ చేపలు ఉంటే సగం చాలు. తప్పు జరిగేది తర్వాత. నీరు ఆవిరైతే ఉప్పు తొట్టెలోనే ఉంటుంది, తగ్గిన మేరకు ఉత్త నీళ్లే పోయాలి. పది లీటర్లు తోడి మార్చినప్పుడు మాత్రం 20 గ్రాములు కలపాలి. రోజు విడిచి రోజు సైఫన్‌తో అడుగు రాళ్ల మధ్య నుంచి నీరు లాగితే తిత్తులూ కొన్ని పోతాయి.

మాలకైట్ గ్రీన్, ఫార్మలిన్ కలిసిన మందు వాడేటట్టయితే ఫిల్టర్‌లోని బొగ్గు ముందే తీసేయండి. లేకపోతే అది మందును పీల్చేసుకుంటుంది. ఫార్మలిన్ కూడా ఆక్సిజన్ తగ్గిస్తుంది, 30 డిగ్రీల వేడితో కలిపి వాడితే చేపకు ఊపిరాడదు. కొరమీను లాంటి తినే చేపలకు మాలకైట్ గ్రీన్ వాడనే కూడదు.

చివరి మచ్చ పోయాక కనీసం ఇంకో వారం ఇలాగే సాగాలి. తర్వాత రోజుకు ఒక డిగ్రీ దించి 25 దగ్గర ఆపండి. నీళ్లు మార్చే కొద్దీ ఉప్పు అదే పోతుంది. కొత్త చేపను మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి చూడండి. దాని వల, పైపు వేరుగా పెట్టుకోవాలి, లేదా ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. తడి లేకపోతే ఈ జీవి బతకదు.