పన్ను పుట్టుక: రెండు పొరల మాటామంతీ

పాలపన్ను ఊడి చేతిలో పడినప్పుడు ఒకసారి తిరగేసి చూడండి. పైభాగం తెల్లగా, నున్నగా ఉంటుంది. అడుగున వేరు ఉండాల్సిన చోట మాత్రం గరుకు అంచులతో చిన్న గుంట కనిపిస్తుంది. వేరు విరిగి చిగురులోనే ఉండిపోయిందేమోనని తల్లిదండ్రులు కంగారు పడుతుంటారు. విరగలేదు. శాశ్వత దంతం పైకి వస్తున్నకొద్దీ, ఆ పని కోసమే ఉన్న కణాలు పాలపంటి వేరును కొంచెం కొంచెంగా కరిగించేశాయి. చేతిలో మిగిలిన ఆ తెల్లని ముక్క వయసు లెక్కగట్టాలంటే పిల్లల పుట్టినరోజు సరిపోదు, ఇంకా వెనక్కి వెళ్లాలి.

ఫలదీకరణ జరిగిన ఆరో వారంలో పిండం పొడవు దాదాపు ఒక సెంటీమీటరు. చేతివేళ్లు ఇంకా విడివడలేదు, అంగిలి ఇంకా కలుసుకోలేదు. అప్పటికే కాబోయే దవడల మీద నోటి పైపొర గుర్రపు లాడం ఆకారంలో దళసరి అవుతుంది. ఆ పట్టీ కింది మెత్తని కణజాలంలోకి దిగి, పై దవడలో పది, కింది దవడలో పది మొగ్గలు తొడుగుతుంది. ఇరవై పాలపళ్లకు ఇరవై మొగ్గలు.

ఈ మొగ్గల చుట్టూ గుమిగూడే కణాలు మాత్రం నోటివి కావు. మెదడు, వెన్నుపాము కాబోయే గొట్టం మూసుకునే రోజుల్లో దాని అంచుల నుంచి విడిపోయి, ముఖం దాకా ప్రయాణించి వచ్చినవి. వీటిని నాడీ శిఖర కణాలు అంటారు. ముఖంలోని ఎముకలు, చర్మానికి రంగునిచ్చే కణాలు కూడా ఈ వంశంలోవే. అంటే నోటి పైపొర నుంచి పుట్టి పంటి పైన మెరిసే ఎనామెల్ చర్మానికీ వెంట్రుకలకూ చుట్టం. దాని కింది డెంటిన్, నడుమ నెత్తురూ నరాలూ ఉండే గుజ్జు మాత్రం ఈ వలస కణాల సంతానం.

మరి ఒక మొగ్గ ముందుపన్నుగా, మరొకటి దవడపన్నుగా మారాలని ఎవరు చెబుతారు? పైపొరా, వలస వచ్చిన కణాలా? కొల్లార్, బెయిర్డ్ అనే పరిశోధకులు 1970 ప్రాంతంలో దీన్ని ఎలుక పిండాల మీద పరీక్షించారు. పంటి మొగ్గల్లోని రెండు పొరలనూ జాగ్రత్తగా విడదీసి, తారుమారు చేసి కలిపారు. ముందుపంటి పైపొరకు దవడపంటి లోపలి కణాలను జత చేస్తే దవడపన్ను వచ్చింది. అటుదిటు చేస్తే ముందుపన్ను వచ్చింది. అక్కడితో ఆగలేదు. పిండం అరికాలి చర్మాన్ని తెచ్చి దవడపంటి లోపలి కణాల మీద పరిచారు. పాదానికి చర్మం కావాల్సిన ఆ కణాలు పన్నుగా మారాయి! ఈ ప్రయోగం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు అబ్బురంగానే ఉంటుంది.

అయితే అధికారమంతా లోపలి కణాలదేనని తేల్చేయడానికి వీల్లేదు. 1980ల్లో మరీ చిన్న వయసు పిండాలతో ఇలాంటి ప్రయోగాలే చేస్తే ఫలితం తిరగబడింది. మొట్టమొదట పళ్లు మొలిపించే శక్తి పైపొరకే ఉంది. ఎలుకలో పన్నెండో రోజు దాకా అది తన సంకేతాలతో కింది కణాలను మేల్కొలుపుతుంది. ఆ తర్వాత పగ్గాలు వాటి చేతికి వెళతాయి. ఇక్కడి నుంచి సంకేతాలు అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి. ఒకరు మాట్లాడటం మానేస్తే పన్ను అక్కడితో ఆగిపోతుంది.

ఆగిపోతే ఏమవుతుందో చార్లెస్ డార్విన్ 1875లో రాశారు. సింధ్ ప్రాంతంలోని ఒక హిందూ కుటుంబంలో నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్లకు రెండు దవడల్లో కలిపి నాలుగు బలహీనమైన ముందుపళ్లు, ఎనిమిది దవడపళ్లు మాత్రమే ఉండేవి. ఒంటి మీద వెంట్రుకలు తక్కువ, ఎండాకాలంలో చర్మం పొడిబారి బాధపడేవారు. పళ్లకూ వెంట్రుకలకూ, చర్మాన్ని తడిపే చెమటకూ ఏమిటి సంబంధం? పంటి మొగ్గ, వెంట్రుక మొగ్గ, చెమట గ్రంథి మూడూ పైపొర లోపలికి దిగడంతోనే మొదలవుతాయి. ఆ పనికి కావాల్సిన ఒక సంకేతాన్ని తయారుచేసే ఈడీఏ అనే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. అది చెడితే మూడూ దెబ్బతింటాయి. ఆ కుటుంబానిదీ ఇదే జబ్బని ఇప్పుడు భావిస్తున్నారు.

మొగ్గ పెరిగి టోపీలా, ఆ తర్వాత గంటలా వంగుతుంది. టోపీ నడిమధ్యలో ఎనామెల్ ముడి అనే చిన్న కణాల గుంపు ఏర్పడుతుంది. దీని నడత విచిత్రం. తాను మాత్రం విభజన చెందదు, చుట్టూ ఉన్న కణాలను పెరగమని సంకేతాలు పంపుతుంది. మధ్య భాగం నిలిచిపోయి చుట్టుపక్కల పెరిగితే మడత పడక తప్పదు కదా. పని కాగానే ముడిలోని కణాలు తమంతట తామే చనిపోతాయి. దవడపళ్లలో ఆ తర్వాత మరికొన్ని ముడులు పుడతాయి. ఒక్కో ముడి ఉన్న చోట ఒక్కో శిఖరం లేస్తుంది. నాలుకతో దవడపంటిని తడిమితే తగిలే గుబ్బలన్నీ ఒకప్పుడు ఈ ముడులు నిలిచిన చోట్లే. 1990ల్లో హెల్సింకీలో ఇర్మా థెస్లెఫ్, యుక్కా యెర్న్‌వాల్ ఈ ముడి పాత్రను వెలికితీశారు.

ఆకారం కుదిరాక అసలు నిర్మాణం మొదలవుతుంది. పాలపళ్లలో ఇది సుమారు పద్నాలుగో వారం. రెండు వరుసల కణాలు ఎదురెదురుగా నిలబడతాయి. ముందు లోపలి వరుస డెంటిన్ పరుస్తుంది. అది చూశాకే పై వరుస ఎనామెల్ పోయడం మొదలుపెడుతుంది. నడుమ గోడ లేస్తున్నకొద్దీ రెండు వరుసలూ వెనక్కి జరుగుతాయి. డెంటిన్ కణాలు లోపలి గుజ్జు అంచుకు చేరి జీవితాంతం బతికే ఉంటాయి, అవసరమైతే కొత్త డెంటిన్ చేరుస్తాయి. ఎనామెల్ కణాలకు ఆ భాగ్యం లేదు. బరువులో సుమారు 96 శాతం ఖనిజమయ్యేదాకా గట్టిపరిచి, పన్ను చిగురును చీల్చుకుని వచ్చే వేళకు రాలిపోతాయి. అందుకే ఎనామెల్‌కు పడిన గుంటను శరీరం తనంతట తాను పూడ్చుకోలేదు.

ఎనామెల్ కణం రోజుకు సుమారు 4 మైక్రోమీటర్ల మందం పోస్తుంది. చెట్టు కాండంలో వలయాల్లా పంటిలో రోజువారీ చారలు మిగులుతాయి. ప్రసవం రోజుల్లో బిడ్డ ఆహారం, ఊపిరి, రక్తప్రసరణ ఒక్కసారిగా మారిపోవడంతో ఆ పని కాస్త తడబడుతుంది. అక్కడ చార ముదురుగా పడుతుంది. ఐజాక్ షౌర్ 1936లో దీన్ని వివరించారు. ఊడిన పాలపన్నును పల్చని పొరగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ గీత స్పష్టంగా కనిపిస్తుంది. గీతకు లోపలి వైపున్నది తల్లి కడుపులో కట్టిన ఎనామెల్, బయటి వైపున్నది పుట్టాక కట్టినది.