గ్యాస్ వాసన వస్తే ఫ్యాన్ వెయ్యకండి

ఈ వారంలో ఇది మూడోసారి. ఫోన్ ఎత్తగానే అవతల ఆవిడ, "వాసన వస్తోందండీ, వెంటనే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసేశాను" అన్నారు. నా గుండె జారిపోయింది. గ్యాస్ స్టవ్‌ల రిపేరు పనిలో ఉండి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో జనం ప్రాణాల మీదికి తెచ్చిన అపోహ ఏదని అడిగితే ఇదొక్కటే చెబుతాను.

అపోహ: ఫ్యాన్ వేస్తే గ్యాస్ బయటికి పోతుంది.

పోదు. మన సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్‌పీజీ. అది గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పొగలాగా పైకి లేవదు, ఒలికిన నీళ్లలాగా నేల మీద పరుచుకుంటుంది. గట్టు కింద అరలో చేరుతుంది, గడప దాటి పక్క గదిలోకి పోతుంది. కప్పు దగ్గర తిరిగే ఫ్యాన్‌కి అది అందదు. కానీ ఆ ఫ్యాన్ స్విచ్ నొక్కినప్పుడు లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది చూశారా, అసలు ప్రమాదం అది. ఈ గ్యాస్ అంటుకోవడానికి మిల్లీజౌల్‌లో నాలుగో వంతు శక్తి చాలు. స్విచ్ రవ్వకి అంతకు మించే ఉంటుంది. వేసినా రవ్వే, ఆపినా రవ్వే. "జాగ్రత్తగా లైట్లన్నీ ఆపేశానండీ" అని చెప్పేవాళ్లూ ఉన్నారు. దయచేసి అదీ చెయ్యకండి.

"కాస్త వాసనే కదా" అంటారు. లెక్క చూద్దాం. గాలిలో ఎల్‌పీజీ సుమారు 2 శాతం ఉంటే అంటుకుంటుంది, 9 శాతం దాటితే గాలి చాలక అంటుకోదు. ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు వంటగదిలో నేల మీద ఒక అడుగు ఎత్తు పొరలో 2 శాతం నిండాలంటే దాదాపు 100 గ్రాముల గ్యాస్ చాలు. సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. పాలు పొంగి పెద్ద బర్నర్ ఆరిపోయి, నాబ్ తెరిచే ఉంటే ఆ 100 గ్రాములు రావడానికి గంట కూడా పట్టదు. పైగా వాసన కోసం కలిపే మెర్కాప్టన్‌కి ముక్కు కాసేపట్లో అలవాటు పడిపోతుంది. "ఇప్పుడు తగ్గిందిలెండి" అన్న మాట నేను నమ్మను.

నాలుగేళ్ల కిందట ఒక చలికాలం తెల్లవారుజామున ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. ఒంటరిగా ఉంటారు. "బాబూ, రాత్రంతా వాసన. భయమేసి కిటికీలు కూడా తియ్యలేదు" అన్నారు, గొంతు వణుకుతోంది. "అమ్మా, ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు. ఫోన్ పెట్టేసి తలుపు తీసి వీధిలోకి వచ్చెయ్యండి" అన్నాను. నేను వెళ్లేసరికి అరుగు మీద శాలువా కప్పుకుని కూర్చున్నారు. రెగ్యులేటర్ తీసి చూస్తే సిలిండర్ వాల్వ్ లోపలి నల్ల వాషర్‌కి ఒక పక్కన గోటితో గిల్లినంత తెగు. అంతే. కొత్త వాషర్ వేసి, సబ్బు నురుగు రాసి, ఒక్క బుడగ కూడా లేదని ఆవిడకి చూపించాను. అప్పుడు ఏడ్చారు. ఫ్రిజ్ వంటగదిలోనే ఉంది, దానంతట అదే ఆన్ అవుతూ ఆగుతూ. ఆ సంగతి ఆవిడకి అప్పుడు చెప్పలేదు.

వాసన వస్తే చెయ్యాల్సినవి: స్టవ్ నాబ్‌లు, రెగ్యులేటర్ కట్టెయ్యండి. తలుపులు, కిటికీలు బార్లా తీసి బయటికి వచ్చెయ్యండి. కరెంటు మెయిన్ స్విచ్ ఇంటి బయట ఉంటే అక్కడ ఆపండి, లోపల ఉంటే వదిలెయ్యండి. బయటికి వచ్చాకే గ్యాస్ లీకు ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చెయ్యండి. పైపు గ్యాస్ ఉన్న ఇళ్లలో వచ్చేది మీథేన్, అది తేలిక, పైకి పోతుంది. అయినా స్విచ్‌ల విషయంలో మాట మారదు.

అపోహ: లీకు ఎక్కడుందో అగ్గిపుల్లతో చూడొచ్చు.

ఇది చేసే మెకానిక్‌లను కూడా చూశాను, అందుకే కోపం ఎక్కువ. అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. వేడెక్కగానే తన ఆక్సిజన్ తానే వదిలి భగ్గుమంటుంది. అంటుకోవడానికి కావాల్సిన ఎర్ర భాస్వరం మాత్రం పెట్టె పక్కన గీసే పట్టీలో ఉంటుంది, అందుకే గోడకి గీస్తే వెలగదు. ఆ మొదటి భగ్గు లీకు పక్కన జరిగితే వెతకడానికి ఏమీ మిగలదు. సబ్బు నీళ్లు చాలు. అలాగే నాబ్ తిప్పి అగ్గిపెట్టె కోసం వెతుక్కోకండి. ముందు పుల్ల వెలిగించాలి, తర్వాత నాబ్ తిప్పాలి.

అపోహ: పైపు అంటుకుంటే మంట సిలిండర్ లోపలికి పాకి పేలుతుంది.

లోపల గాలి లేదు, గాలి లేనిచోట మంట ఉండదు. ఆ భయంతోనే రెగ్యులేటర్ కట్టకుండా పరిగెత్తుతారు. చెయ్యి అందేలా ఉంటే తడి గుడ్డ చుట్టుకుని రెగ్యులేటర్ కట్టెయ్యండి, గ్యాస్ ఆగితే మంట ఆగుతుంది. అందకపోతే ఇంట్లోవాళ్లందరితో బయటికి వచ్చి ఫైర్ సర్వీసు నంబరు 101కి చెప్పండి. సిలిండర్‌ని మంటలు చుట్టుముడితే వేడికి పగిలే మాట నిజమే, అప్పుడు దగ్గర ఉండకూడదు.

పసుపు మంట గ్యాస్ కల్తీ వల్ల రాదు, బర్నర్ రంధ్రాలు పూడి గాలి అందక వస్తుంది. గిన్నె నల్లబడటం ఆ మసే. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా పుడుతుంది, కాబట్టి బర్నర్ వెంటనే శుభ్రం చేయించండి. గ్యాస్ అయిపోవస్తే సిలిండర్ పడుకోబెట్టడం కూడా వద్దు, ద్రవం నేరుగా రెగ్యులేటర్‌లోకి వస్తుంది.

కొత్త సిలిండర్ వచ్చినప్పుడు మాత్రం ఒక్క నిమిషం డెలివరీ అబ్బాయిని ఆపండి. తెల్ల మూత తీయించి, లోపల వాషర్ ఉందో లేదో, తెగిందో మీ కళ్లతో చూడండి. మొహమాటపడకండి, అడిగితే మార్చి ఇస్తారు.